దర్వాజ అంటే తలుపు కాదు

ఉద్యోగ జ్ఞాపకాలు సాధారణంగా రిటైరైనవాళ్లు రాస్తారు. నేను రిటైర్ కాలేదు. ముప్పయ్యో పడిలోనే ఉన్నాను. ఒక ఉద్యోగం నుంచి బయటికి వచ్చాను, అంతే. ఇప్పుడు కరీంనగర్‌లో ఒక చిన్న ఆఫీసులో కూర్చుని, సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు ప్లాన్లు గీసి ఇస్తున్నాను. సివిల్ చదివి కొత్తగా సైటు మీదికి వెళ్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు అప్పుడప్పుడు వచ్చి, సైటు మీద అన్నిటికంటే కష్టమైనది ఏదని అడుగుతుంటారు. నల్లరేగడిలో పునాది గురించో, వానాకాలం కాంక్రీటు గురించో చెబుతానని వాళ్ల ఆశ. అన్నిటికంటే కష్టమైనది పక్క టేబుల్ దగ్గర కూర్చునే మనిషి అని చెబుతాను. నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పను.

నా పక్క టేబుల్ మనిషి హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇద్దరం సైట్ ఇంజనీర్లం. ఒకే హోదా, ఒకే రకం కాంట్రాక్టు, ఒకే రోజు చేరాం. జనం అతన్ని ‘పట్నం సారు’ అనేవాళ్లు. నన్ను ‘కొలతల సారు’ అనేవాళ్లు. వినడానికి రెండూ పేర్లే. కానీ మొదటిది పిలిచేటప్పుడు వాళ్ల ముఖాలు విప్పారేవి. రెండోది పిలిచేటప్పుడు దారిలోంచి పక్కకు జరిగేవాళ్లు.

సైటు సంగతి ముందు చెప్పాలి. నస్పూర్ నుంచి గోదావరి వైపు దిగే పల్లంలో ఒక పాత సర్కారు కాలనీ ఉండేది. ఎప్పుడో పేదల కోసం కట్టిన ఒంటిగది ఇళ్లు. చేతిలో నాలుగు పైసలు ఆడినప్పుడల్లా ఒక గదో, ఒక రేకుల పంచో కలుపుకుంటూ వాళ్లే పెంచుకున్నారు. ఒక వానాకాలం గోదావరి నిండుగా పారుతుంటే, అందులో కలవాల్సిన వాగు కలవలేక వెనక్కి తన్నింది. నీళ్లు కాలనీలోకి వచ్చి కిటికీల పైదాకా నిలబడ్డాయి. మనుషులు ముందే బయటపడ్డారు గానీ, నీళ్లు తీసేసరికి నిలబడ్డ గోడ కంటే ఒరిగిన గోడే ఎక్కువ. అందరినీ ఎత్తు మీద రేకుల షెడ్లలో ఉంచారు.

ఆ ఎత్తు మీదనే కొత్త కాలనీ కట్టాలని నిర్ణయం జరిగింది. ఇందులో ఒక కొత్త ఆలోచన ఉంది. వరదలో ఇల్లు పోయినవాళ్లకు ఉచితంగా ఇచ్చే ఇళ్ల మధ్యలోనే, కొన్ని ఇళ్లు పూర్తి ధరకు అమ్ముతారు. కొనేవాళ్లు టీచర్లు, రిటైరైన గని కార్మికులు, గల్ఫ్‌లో కొడుకులున్నవాళ్లు. ఆ డబ్బుతో రోడ్లు, మురుగు కాలువలు. పేదల కాలనీ అంటూ విడిగా ఒకటి ఉండదు. అందరూ ఒకే వాడలో ఉంటారు. దీనికి ఒకటే షరతు: బయట నుంచి చూస్తే ఏది ఉచితంగా వచ్చిన ఇల్లో, ఏది కొన్న ఇల్లో ఎవరికీ తెలియకూడదు.

ఈ షరతు నాకు ప్రాణం. ఇంటి ముందు భాగం డ్రాయింగ్ గీసింది నేనే. అన్నిటికీ ఒకే కిటికీ, ఒకే రంగు, ఒకే ఇనుప చౌకట్టు, దానికి ఒకే తలుపు. ఎవరికి ఏ ఇల్లన్నది గోడలు లేచాక లాటరీలో తేలుతుంది. కొన్నవాళ్ల పేర్లూ, ఉచితంగా వచ్చినవాళ్ల పేర్లూ ఒకే డబ్బాలో. ఆ డ్రాయింగ్‌ను చూసుకుని మురిసిపోయేవాణ్ణి. నాకు తెలిసి సమానత్వాన్ని అంగుళాల్లో గీసినవాళ్లు తక్కువ.

మా ఇద్దరి మీదా ఒక పెద్ద ఇంజనీరు ఉండేవాడు. పెద్ద సారు అనేవాళ్లం. పని మొదలైన కొత్తలోనే ఆయన ఒక మాట చెప్పాడు. దీని తర్వాతి సైటు ఆసిఫాబాద్ వైపు ఉంటుంది. అక్కడికి ఒక్క ఇంజనీరుకే మంజూరు వచ్చింది. ఇద్దరిలో ఒకరిని తీసుకుపోతాడు, ఇంకొకరి కాంట్రాక్టు ఇక్కడితో ముగుస్తుంది. ఆ ఒక్క పోస్టు నాకు కావాలి. మా ఊరు లక్షెట్టిపేట అవతల. మా అవ్వ తల్లిగారి ఊరు ఆదిలాబాద్ వైపు. ఆ నేల, ఆ మాట నావి. పట్నం సారుకు రావిచెట్టుకూ మర్రిచెట్టుకూ తేడా తెలియదు.

నేను మనసులో వేసుకున్న లెక్క ఇది. డ్రాయింగ్ చదవడంలో నేను మెరుగు. మట్టి పరీక్షల్లో నేను మెరుగు. సైటు రిజిస్టర్ అతనిది ఎప్పుడూ వెనకబడి ఉండేది, నేనే పూర్తిచేసేవాణ్ణి. మేస్త్రీ ఇసుక ఎక్కువ కలిపితే కంటితో చూసి పట్టుకునేది నేను. ప్రతి పద్దులోనూ నేనే ముందు. మొత్తం కూడితే మాత్రం అతనే గెలిచేవాడు. కూడికలో తప్పు ఎక్కడుందో ఎంతకీ దొరికేది కాదు.

చాయ్ సంగతే తీసుకోండి. షెడ్ల వైపు వెళ్తే నాకు హోటల్ నుంచి పేపర్ కప్పులో చాయ్ తెప్పించేవాళ్లు. ఆఫీసరుకు చేసే మర్యాద. అతనికి వాళ్ల పొయ్యి మీదిది, వాళ్ల స్టీలు గ్లాసులో. అతను వెళ్లి రేకుల కింద నేల మీద చతికిలబడి, బీడీలు చుట్టే ఆడవాళ్ల చాటల్లోని ఆకు తీసి తనూ చుట్టబోయి చింపేసేవాడు. వాళ్లు తిట్టేవాళ్లు. ఆ తిట్లు వినాలి మీరు. నన్ను జీవితంలో ఎవరూ అంత ముద్దుగా తిట్టలేదు.

ఆ ఆడవాళ్లలో పెద్దామెను అందరూ బీడీలవ్వ అనేవాళ్లు. మనవళ్లున్న మనిషి, నోరు మహా గట్టిది. ఆమె అతన్ని ‘కొడుకా’ అని పిలిచేది. నన్ను ‘సారూ’ అనేది. ఆమె మాట్లాడినట్టే మాట్లాడేవాణ్ణి నేను. ఆమె మాట సగం అర్థం కాక ‘క్యా అవ్వా?’ అని అడిగేవాడు అతను. అయినా కొడుకు అతనే. అతను చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే సగం నా ముందుకు తోసేవాడు. ఆ కూర బాగుండడం ఇంకో బాధ.

అసలు సంగతి పాత కాలనీ కూలగొట్టాల్సిన రోజున మొదలైంది. జేసీబీ వచ్చి నిలబడింది. ఆడవాళ్లంతా దాని ముందు నిలబడ్డారు. బీడీలవ్వ అందరి తరఫునా మాట్లాడింది.

“గోడలు గూలగొట్టుకో, కప్పు దీస్కపో, మేం అడ్డం రాం. మా దర్వాజలు మాత్రం ఇడువం. కొత్తిండ్లకు గూడ మా దర్వాజలే పెట్టాలె.”

నేను నోరు తెరిచేలోపే పట్నం సారు ముందుకు వెళ్లాడు. “గింతేనా అవ్వా? గింతదానికి పరేషాన్ ఎందుకు? ఎవల దర్వాజ వాళ్ల ఇంటికే పెడతం. నాది జబాన్.”

ఆడవాళ్లు పక్కకు జరిగారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. అతను నా వైపు చూసి, చూశావా ఎంత తేలికో అన్నట్టు కనుబొమలెగరేశాడు. నాకు అతని ముఖం చూడగానే విషయం అర్థమైంది. లోపల ఒక చల్లటి సంతోషం పుట్టింది. బైకు దగ్గరికి నడుస్తూ అడిగాను.

“ఏం మాటిచ్చినవో ఎర్కేనా నీకు?”

“దర్వాజలు పెడతమన్న. మడత బందులు మార్చి బిగిస్తే అయిపోతది.”

“దర్వాజ అంటే తలుపు కాదు.”

“మరి?”

“చౌకట్టు. కింద కడపతోటి సహా.”

అతను నడక ఆపాడు. “అరె యార్. మరి తలుపును ఏమంటరు?”

“తలుపంటరు.”

మీలో తెలియనివాళ్లుంటే చెబుతాను. హైదరాబాద్ ఉర్దూలో దర్వాజా అంటే తలుపు. మా వైపు దర్వాజ అంటే గడపతో కలిపి మొత్తం ద్వారబంధం, నాలుగు కర్రల చట్రం. ఇల్లు కట్టేటప్పుడు గోడ కంటే ముందు దర్వాజ నిలబెడతారు. దానికి ముహూర్తం ఉంటుంది, పసుపు కుంకుమ, పసుపు గుడ్డలో కట్టిన ధాన్యం, వడ్రంగికి కొత్త బట్టలు ఉంటాయి. ఆడపిల్ల తల్లిగారు, అంటే పుట్టింటివాళ్లు, ఆ రోజు బట్టలు పెడతారు. కలిగినవాళ్లయితే దర్వాజే చేయించి తెస్తారు. ఇల్లు మొగుడిది కావచ్చు, సర్కారుది కావచ్చు. అందులో దర్వాజ మాత్రం ఆమె అన్నదమ్ములది. బీడీలవ్వ దర్వాజ ఆమె తమ్ముడు మొదటిసారి మస్కట్ నుంచి వచ్చినప్పుడు టేకుతో చేయించి తెచ్చాడు. ఒంటిగది సర్కారు ఇంటికి, ఊళ్లో దొరవారి ఇంటికి ఉన్నంత దర్వాజ. వరదకు గోడలు జారిపోయినా, ఆ దర్వాజ బురదలో తానొక్కటే నిలబడి ఉంది.

పెద్ద సారుకు సంగతి తెలిసింది. ఇద్దరినీ పిలిపించాడు. నేను మూడు అభ్యంతరాలు చెప్పాను. ఒకటి, దర్వాజ గోడ కంటే ముందు నిలబడాలి. ఎవరికి ఏ ఇల్లో లాటరీ అయితే గానీ తెలియదు, లాటరీ గోడల తర్వాతే. రెండు, పాత దర్వాజలు ఏ ఒక్కటీ ఇంకోదానంత ఉండదు, మన కొలత ఒక్కటే. మూడు, ఉచితంగా వచ్చిన ఇళ్లకు పాత దర్వాజలు పెడితే ఏ ఇల్లు ఎవరిదో వీధి చివరి నుంచే తెలిసిపోతుంది. అన్నీ ఒకేలా ఉండాలన్న మొత్తం ఆలోచనే పోతుంది.

పట్నం సారు తప్పుగా అర్థం చేసుకున్నానని ఒప్పుకున్నాడు. అయినా మాట ఇచ్చాను గదా అన్నాడు.

పెద్ద సారు నా వైపు తిరిగి, అన్ని దర్వాజలూ కొలిచి, అయ్యేదో కానిదో రాసి ఇమ్మన్నాడు. బయటికొచ్చాక నాకు మొత్తం కనిపించింది. మాట నిలబడితే జనం పట్నం సారును నెత్తిన పెట్టుకుంటారు, ఆసిఫాబాద్ అతనిదే. మాట పోతే ఆ షెడ్లలో అతనికి గ్లాసెడు మంచినీళ్లు కూడా పుట్టవు, ఆసిఫాబాద్ నాది. నిలబడుతుందో లేదో లెక్క చూసి చెప్పాల్సింది నేను. అంతకంటే మంచి పని నాకు ఎవరూ అప్పగించలేదు.

దర్వాజలన్నీ తవ్వి తీసి, షెడ్ల పక్కన టార్పాలిన్ నీడలో ఆరబెట్టారు. టేపు పట్టుకుని వెళ్లాను. ఒక్కొక్క దర్వాజ పక్కన ఒక్కొక్క ఆడమనిషి నిలబడింది, సంతలో ఎడ్ల పక్కన నిలబడినట్టు. పొడవు చెప్పమంటే కథ చెప్పేవాళ్లు. ఈ మద్ది కర్ర మా అన్న అడ్డా కూలీ చేసి తెచ్చింది. ఇది మా మేనమామ చర్చిలో బల్లలు చేసిన చేత్తోనే చేసింది, పైన సిలువ చూడు. నేను పొడవు, వెడల్పు, కర్ర మందం రాసుకున్నాను. కథలు రాసుకోలేదు. నా మనసంతా ఆ తేడాల మీదే ఉంది. ఒకటి మనిషి వంగి దూరేంత పొట్టి, ఇంకొకటి గేదె దూరేంత వెడల్పు. ఎంత తేడా ఉంటే అంత సంబరం.

మరునాడు ఆఫీసులో ఒక పెద్ద కాగితం పరిచాను. ఇవి ఎంత అస్తవ్యస్తంగా ఉన్నాయో పెద్ద సారుకు ఒక్క చూపులో తెలియాలని, అన్ని దర్వాజలనూ ఒకే చోట, గడపలు ఒకే గీత మీద ఉండేలా, ఒకదాని మీద ఒకటి గీశాను. పొట్టివి, పొడుగువి, వెడల్పువి, ఇరుకువి. అన్నీ గీశాక పెన్సిల్ పక్కన పెట్టి చూశాను. గందరగోళం కనిపించలేదు. గిన్నెలో గిన్నె పెట్టినట్టు అన్నీ ఒకే ఒక్క చట్రంలో ఒదిగి ఉన్నాయి.

ఆ చట్రమే జవాబు. గోడలో తలుపు కోసం వదిలే ఖాళీ అన్ని ఇళ్లకూ ఆ పెద్ద కొలతలోనే వదిలేయాలి. పైన బరువంతా లింటెల్, అంటే ఖాళీ మీద వేసే కాంక్రీటు దూలం, మోస్తుంది. లాటరీ అయ్యాక ఎవరి దర్వాజ వాళ్లు తెచ్చి ఆ ఖాళీలో నిలబెట్టుకుంటారు. పక్కల మిగిలింది ఇటుకతో పూడ్చాలి, పైన మిగిలితే గాలికి జాలీ పెట్టాలి. మొదటి అభ్యంతరం పోయింది. రెండోదీ పోయింది. వాటిని నేనే పుట్టించాను, నేనే చంపుకున్నాను.

చాలాసేపు ఆ కాగితం ముందు కూర్చున్నాను. కాదని రాయడానికి ఒక్క వాక్యం చాలు. కానీ డ్రాయింగ్ చాలా బాగా వచ్చింది. అంత పొందికైన గీత నేను అంతకుముందు గీయలేదు, ఆ తర్వాతా గీయలేదు. దాన్ని సొరుగులో పెట్టి తాళం వేయడానికి చేతులు రాలేదు. ఇందులో నా మంచితనం ఏమీ లేదు. అతని మీది కుళ్లు కంటే నా గీత మీది ముచ్చట ఒక పిసరు ఎక్కువైంది, అంతే.

పెద్ద సారు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడో అభ్యంతరం సంగతి గుర్తుచేశాను. ఆయన కళ్లజోడు తీసి, “అన్ని ఇండ్లు ఒక్క తీర్గ కనవడాలన్నది మన ముచ్చట. వాళ్లేమన్న అడిగిండ్రా?” అన్నాడు. సంతకం పెట్టాడు.

గోడలు లేచాయి. తలుపు ఉండాల్సిన చోట పెద్ద పెద్ద ఖాళీలు. పట్నం సారు మాట నిలబెట్టుకున్నాడన్న కబురు షెడ్లంతా పాకింది. ఒకరోజు పని చూస్తూ వెళ్తుంటే, ఒక మేస్త్రీ తన కింది మనిషికి చెబుతున్నాడు: “గాడ పట్నంసారు సందు ఇడిసినవా లేదా?” ఆగి, అదేమిటని అడిగాను. వాళ్లలో వాళ్లు ఆ ఖాళీకి పెట్టుకున్న పేరట. పట్నంసారు సందు. నేను కొలిచి, నేను గీసి, నేను లింటెల్ లెక్క కట్టిన ఖాళీకి అతని పేరు. కాలనీలో ఎన్ని ఇళ్లున్నాయో అన్ని సందులు. ఏ వీధిలో నడిచినా రెండు పక్కలా అతని పేరే నోరు తెరుచుకుని నన్ను చూసేది. మందలించలేదు. ఏమని మందలించను?

లాటరీ అయింది. బీడీలవ్వకు వచ్చిన ఇంటి పక్కది, శ్రీరాంపూర్‌లో బొగ్గుబాయిలో చేసి రిటైరైన ఒకాయన కొన్నది. పాత దర్వాజలు నిలబెడతారని తెలియగానే ఆయన సైటు ఆఫీసుకు వచ్చాడు. చేతిలో గొడుగు, ముఖంలో చిటపట.

“సారూ, నేను పైసలు వెట్టి కొన్న. పక్కామెకు ఉత్తగ వచ్చింది. ఆమెకు టేకు దర్వాజ, నాకు ఇనుప చౌకటా? గిదెక్కడి న్యాయం?”

నాకు ఆ మనిషి మీద ఒక్కసారిగా ప్రేమ పుట్టింది. ఆ సైటులో నా బాధ తెలిసిన మొదటి మనిషి ఆయనే. కూర్చోబెట్టాను. ఆయన గోడలోని ఖాళీ కూడా ఆమె ఖాళీ అంతే ఉందని, ఎవరి దర్వాజ అయినా అందులో నిలబడుతుందని, ఉంటే తెచ్చుకొమ్మని చెప్పాను.

ఆయన గొంతు తగ్గింది. “మాకు దర్వాజ ఏడిది సారూ? నౌకరంత కంపెనీ క్వార్టర్ల ఎల్లదీస్తిమి. గా దర్వాజ కంపెనీ వెట్టింది. మా బామ్మర్దులకు దర్వాజ తెచ్చే మోకనే రాలే. మా ఇంటిది ఇప్పటికి ఒర్రుతది, మా తల్లిగారి చెయ్యి మనింట్ల ఏడున్నదని.”

గొడుగు చంకన పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు. వారం తిరగకుండా ఆయన బామ్మర్దులు ముగ్గురు ట్రాలీలో కొత్త దర్వాజ తెచ్చారు. పైకర్ర మీద చెక్కిన హంసలు. అది చూసి కొన్నవాళ్లందరూ మొదలుపెట్టారు. టీచరు దర్వాజకు ఇత్తడి పూలు. గల్ఫ్ కొడుకు వాళ్లది పాలిష్‌తో మెరిసిపోయేది. నేను తెప్పించిన ఇనుప చౌకట్లు గోదాములో ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇప్పుడు బీడీలవ్వ వచ్చింది, పక్కింటి హంసల గురించి ఆరా తీయడానికి.

అప్పుడు నాకు అర్థమైంది. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ కలిసుండే వాడ అంటే అందరి ముఖద్వారాలూ ఒకేలా ఉండడం కాదు. పక్కింటిని చూసి కుళ్లుకునే అవకాశం అందరికీ సమానంగా దొరకడం. ఆ అవకాశాన్ని నేను ఇనుప చౌకట్టుతో మూసేయబోయాను.

దర్వాజలు నిలబెట్టే రోజు వచ్చింది. ఒకే ముహూర్తానికి వీధంతా పసుపు. చర్చికి వెళ్లే ఇళ్ల దగ్గర పాస్టరుగారు ఒక్కొక్క గడప ముందు ఆగి ప్రార్థన చేస్తున్నారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో ఆడపిల్లల తల్లిగార్లు చీరలు, ధోవతులు పట్టుకుని ఆటోల్లో దిగుతున్నారు. కాంట్రాక్టరు మనుషులు ఆ రోజు పని లేక చేతులు కట్టుకుని చూస్తున్నారు. నేను తూకంగుండు దారం పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతున్నాను, దర్వాజ నిలువు చూడాలి గనుక.

బీడీలవ్వ తమ్ముడు వచ్చాడు. మస్కట్ నుంచి వచ్చినప్పటి మనిషి కాదు, వయసు మీద పడింది. దర్వాజ ఎత్తడానికి అతని బలం చాలలేదు. నేను పక్కనే ఉన్నాను. ఆమె నా భుజం మీదుగా చూసి, “ఓ కొడుకా, పట్నం సారూ, జర మా తమ్మునికి చెయ్యియ్యి” అని కేకేసింది. అతను వచ్చి ఒక పక్క పట్టాడు. దర్వాజ లేచి నిలబడింది. అందరూ చూస్తుండగా ఆమె అంది:

“మా దర్వాజ విలువ పట్నంల పుట్టినోనికి ఎర్కైంది. ఈడ పుట్టినోళ్లకు గాలే.”

నా వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకుండానే అంది.

ఇన్నాళ్లూ నా దగ్గర ఒక ముక్క ఉంది. పేకాటలో ఆఖరి ముక్కలా దాన్ని ఎవరికీ చూపకుండా దాచుకున్నాను. మీ పట్నం సారుకు దర్వాజ అంటే ఏమిటో తెలియదు, తలుపు అనుకుని మాటిచ్చాడు. ఇంతే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

అంతలో పట్నం సారే నవ్వుతూ అన్నాడు. “నాకేం ఎర్క అవ్వా? దర్వాజ అంటే తలుపనుకున్న. తలుపు పెడతనని జబాన్ ఇచ్చిన. తర్వాత ఈయన చెప్పిండు, కొంప మునిగిందిరా అని. లెక్క జేసింది, సందు ఇడిపించింది ఈయననే.”

వీధి వీధంతా నవ్వింది. బీడీలవ్వ దర్వాజ పట్టుకునే నవ్వింది, కళ్ల నీళ్లు వచ్చేదాకా.

“తెల్వకనే గింత జేస్తివి కొడుకా. తెలిస్తె ఇంకెంత జేస్తుంటివో.”

నా ఆఖరి ముక్కను నా చేతిలోంచి తీసి, ఆడి, దాంతో కూడా అతనే గెలిచాడు. పైగా నాకు రావాల్సిన పేరు నాకు ఇప్పించాడు. ఇప్పించకుండా ఉంటే అతన్ని హాయిగా తిట్టుకునేవాణ్ణి. అది కూడా లేకుండా చేశాడు. నా పేరు కూడా నాకు అతని చేతి మీదుగానే రావాలా?

బీడీలవ్వ అప్పుడు నా వైపు తిరిగింది. “సారూ, జర నీ గుండు వట్టి సూడు. సక్కగ నిలవడ్డదా?”

గుండు వదిలాను. లోపలికి కొంచెం వాలింది. చెప్పాను. తమ్ముడు, పట్నం సారు, వడ్రంగి ముగ్గురూ నేను చెప్పినట్టు జరిపారు. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆగండి. దారం కర్రకు తాకీ తాకనట్టు వేలాడింది. కొబ్బరికాయ కొట్టారు.

తర్వాత చాయ్ వచ్చింది. జనం ఎక్కువని ఆ రోజు అందరికీ హోటల్ చాయే, పేపర్ కప్పుల్లోనే. పట్నం సారుకు కూడా. ఆ చాయ్ నాకు చాలా రుచిగా అనిపించింది.

ఆసిఫాబాద్ ఉత్తర్వు అతని పేరుతో వచ్చింది. నేను పెద్ద సారు దగ్గరికి వెళ్లి కారణం అడిగాను. ఆయన దాచలేదు. అక్కడివాళ్లు ఇక్కడి కాలనీ చూడడానికి వచ్చి, మాకు పట్నం సారును పంపండని అడిగి వెళ్లారట. సందు గురించి కూడా మెచ్చుకున్నారట. ఏ పేరుతో మెచ్చుకున్నారో నేను అడగలేదు.

అట్లా ఆ ఉద్యోగం ముగిసింది. కొత్త ఇళ్లకు వచ్చినవాళ్లు కొన్నాళ్లు వీధి కొళాయి దగ్గర కొట్లాడుకుని, తర్వాత కలిసిపోయారని విన్నాను. గనిలో చేసినాయన ఇంటి హంసల కింద మధ్యాహ్నాలు బీడీలవ్వ చాట వేసుకుని కూర్చుంటుందట. అక్కడ గాలి బాగా తగులుతుందని చెబుతుందట.

ఇదంతా రాయడానికి కారణం మొన్న వచ్చిన ఒక ఫోను. పొద్దున ఆఫీసు తెరుస్తుండగా పట్నం సారు చేశాడు. ఆసిఫాబాద్ దాటి, జైనూర్ వైపు గుట్టల్లో ఉన్న ఒక ఊళ్లో మీటింగులోంచి బయటికొచ్చి మాట్లాడుతున్నాడు. వెనక జనం మాటలు వినిపిస్తున్నాయి.

“భయ్, ఓసరి అంటే ఏంది?”

మరాఠీ కలిసిన మాట, ఇంటి ముందు కప్పు దించి వేసే వసారాను ఓసరి అంటారని చెప్పాను.

“ఎందుకు?” అన్నాను.

“ఏం లే. గీడ పెద్దమనుషులు ఇంటింటికి ఓసరి గావాలె సారూ అన్నరు. ఇంటింటికి ఓసారి రావాలె అన్నట్టు ఇనవడ్డది నాకు.”

“నువ్వేమన్నవ్?”

“ఓసారేంది, రెండు అన్న.”

“వాళ్లేమన్నరు?”

“చప్పట్లు గొట్టిండ్రు, భయ్.”

కడుపులో పాత మంట పాత చోటే లేచింది. స్థలం వెడల్పు ఎంత, లోతు ఎంత, నీళ్లు ఏ వైపు పారుతాయి అని అడిగాను. అతను చెప్పాడు. ఫోను పెట్టేసి, బల్ల మీదున్న ఇంకొకరి ప్లాను పక్కకు జరిపి, కాగితం పరిచాను. ముందొకటి, వెనకొకటి. వంటగది కిటికీ కొంచెం జరపాల్సి వచ్చింది. రెండూ పట్టాయి.

ఓసరి అంటే ఏమిటో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మీటింగులో నేను కూర్చుని ఉంటే, మళ్లీ మూడు అభ్యంతరాలు చెప్పేవాణ్ణి, ఆ ఊరికి ఒక్కటి కూడా వచ్చేది కాదు.